పెద్ద కంపెనీ అండ లేని రాక్ ఆల్బమ్ చెవికి అంత బాగా ఎందుకు ఆనుతుంది?

పెద్ద రికార్డు కంపెనీ ఏదీ వెనక లేకుండా, కొద్దిపాటి డబ్బుతో చేసిన రాక్ ఆల్బమ్ ఒక్కోసారి కోట్లు పోసి చేసినదానికంటే బాగా వినిపిస్తుందంటారు, అది నిజమేనా, లేక అభిమానుల మురిపెమా అని మీరు అడిగారు. నిజమే. హైదరాబాదులో సినిమా పాటలకూ ప్రకటనలకూ మిక్సింగ్ చేయడం, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతునూ వాద్యాలనూ పాళ్ళు కుదిర్చి ఒక్కటి చేయడం, నా వృత్తి. రోజూ ఆ పని చేసే చెవితోనే చెబుతున్నాను. మంచి స్వతంత్ర ఆల్బమ్‌లో నాకు ముందుగా వినిపించేది ధైర్యం. వినేవాడు మధ్యలో ఆపేస్తాడేమోనన్న భయం లేకుండా చేసిన పని అది. ఆ ధైర్యానికి తోడు రికార్డింగ్ కూడా శుభ్రంగా కుదిరితే, దానికి సాటివచ్చే అనుభవం రాక్ సంగీతంలో నాకు ఇంకొకటి దొరకలేదు.

సినిమా పాట మిక్సింగ్‌లో ప్రతి నిర్ణయం వెనకా ఆ భయం ఉంటుంది. ఆ పాట రేపు ఫోను స్పీకరులో మోగాలి, ఆటోలో మోగాలి, పెళ్ళి ఊరేగింపులో మోగాలి. ఎక్కడ మోగినా మాట తెలియాలి, దరువు తెలియాలి. అందుకని గొంతును అన్నిటికీ పైన పెడతాం. కింద వందకు పైగా ట్రాకులు, అంటే విడి రికార్డింగులు, ఉన్నా ఏ ఒక్కటీ జారిపోకుండా, హెచ్చుతగ్గుల్ని తగ్గించే కంప్రెసర్లతో బిగిస్తాం. చివర శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని లిమిటర్ పెట్టి మొత్తం స్థాయిని పైకి నెడతాం. ఆ పాట చేయవలసిన పనికి అదే సరైన పద్ధతి, దాన్ని నేను తక్కువ చేయను. కానీ దాని వల్ల పోయేది కూడా ఉంది. మొదట్లో నెమ్మదిగా పాడిన చోటూ, చివర అందరూ కలిసి విరుచుకుపడే చోటూ శబ్దం స్థాయిని చూపే మీటరు మీద దాదాపు ఒకే ఎత్తులో నిలబడతాయి. భావం తీవ్రమైందని చెప్పడానికి ఇంకో నాలుగు వాద్యాలు చేర్చడం తప్ప మా చేతిలో ఏమీ మిగలదు.

దీనికి పూర్తిగా ఎదురు దిక్కున నిలబడే ఆల్బమ్ ఒకటి చెప్పమంటే, స్లింట్ అనే బృందం చేసిన ‘స్పైడర్‌ల్యాండ్’ పేరు చెబుతాను. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ నగరానికి చెందిన నలుగురు కుర్రాళ్ళు, అందరికీ ఇరవై ఏళ్ళు అటూ ఇటూ. ఒకరి తల్లిదండ్రుల ఇంటి నేలమాళిగలో నెలల తరబడి సాధన చేసి, 1990 ఆగస్టులో షికాగోలోని రివర్ నార్త్ రికార్డర్స్ స్టూడియోకు వెళ్ళి, బ్రయన్ పాల్సన్ అనే ఇంజినీరు దగ్గర నాలుగు రోజుల్లో రికార్డింగ్ ముగించారు. ఎక్కువ భాగం అందరూ కలిసి వాయిస్తుండగా పట్టినదే. షికాగోకే చెందిన టచ్ అండ్ గో అనే చిన్న సంస్థ 1991 మార్చిలో దాన్ని విడుదల చేసింది. అప్పటికే బృందం విడిపోయింది. ఆరు పాటలు, మొత్తం నలభై నిమిషాలు కూడా ఉండదు. ముఖచిత్రం మీద బృందం పేరు గానీ ఆల్బమ్ పేరు గానీ లేదు. నీళ్ళు నిండిన క్వారీలో మెడ దాకా మునిగిన నలుగురి నలుపు తెలుపు ఫోటో ఒక్కటే ఉంది. మొదట్లో కొన్నవాళ్ళు కొద్దిమందే. ఆ తర్వాత పోస్ట్ రాక్ అనే పేరుతో వచ్చిన, రాక్ వాద్యాలతోనే పాట కంటే ధ్వనికి ప్రాధాన్యమిచ్చే సంగీతంలో చాలా భాగం ఈ ఆరు పాటలకు రుణపడి ఉంది.

నాకు దీన్ని ఒక సహోద్యోగి స్టూడియోలోని పెద్ద స్పీకర్ల మీద వినిపించాడు. మా వృత్తిలో మీటర్లు చూస్తూ వినడం అలవాటు. ఇందులో మీటరు అడుగున కదులుతూ ఉంటుంది, ఉన్నట్టుండి పైకి లేస్తుంది, మళ్ళీ అడుక్కి వచ్చేస్తుంది. పెద్ద సంస్థలకు మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు ధ్వనిని చివరిసారి సరిదిద్దే పని, చేసే ఇంజినీరు ఎవరైనా సరే ఇంత తేడాను ఉంచడానికి వెనకాడతాడు.

మూడో పాట ‘డాన్, అమాన్’ తీసుకోండి. ఇందులో డ్రమ్స్ లేవు. రెండు గిటార్లు, గుసగుస కంటే కాస్త గట్టిగా పలికే ఒక గొంతు, అంతే. ఆ గొంతు బృందంలో డ్రమ్స్ వాయించే బ్రిట్ వాల్ఫర్డ్‌ది. పదిమంది ఉన్న పార్టీలో ఇమడలేక బయటికి వచ్చి నిలబడ్డ మనిషి ఆలోచనలు ఆ పాటలోని మాటలు. గొంతు ఎంత కింద ఉందంటే, మాట కోసం మనమే ముందుకు వంగాలి. ఇలాంటి మిక్స్ నేను తయారుచేసి వినిపిస్తే, గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ ముందు గొంతు పెంచమనే అంటారు. ఇక్కడ పెంచితే పాట చచ్చిపోతుంది. తన మాట ఎవరికీ పట్టదనుకునే మనిషి కదా మాట్లాడుతున్నది! అతన్ని అందరికంటే ముందుకు తెచ్చి నిలబెడితే ఆ ఒంటరితనానికి అర్థం ఉండదు. గొంతు ఎంత స్థాయిలో ఉండాలన్నది ఇక్కడ కవిత్వంలో భాగమైంది. మధ్యలో గిటార్లు ఒక్కసారిగా కరుకెక్కుతాయి. అప్పటిదాకా స్థాయి అంత కింద ఉంచారు కాబట్టే, కేవలం రెండు గిటార్లు గదంతా నింపేస్తాయి.

చివరి పాటలో, ‘గుడ్ మార్నింగ్, కెప్టెన్’లో, ఇదే పద్ధతి ఇంకా పెద్ద ఎత్తున కనిపిస్తుంది. ఓడ మునిగి ఒడ్డుకు చేరిన కెప్టెన్, ఒక ఇంటి తలుపు, ఒక పిల్లవాడు. ఏడున్నర నిమిషాల పాటలో ఎక్కువ భాగం బృందం గాయకుడు బ్రయన్ మెక్‌మహాన్ కథ చెబుతున్నట్టు మాట్లాడతాడంతే. ఆఖరి నిమిషంలో ఆ మాట అరుపవుతుంది. ఆ అరుపును కూడా గిటార్ల పైకి తెచ్చి పెట్టలేదు, సగం వాటిలో మునిగే ఉంటుంది. నేను ఎన్నిసార్లు విన్నా ఆ చోట ఒళ్ళు జలదరిస్తుంది. కింద ఉన్నదాన్ని కిందే ఉంచగలిగిన ఇంజినీరు ఓర్పు అక్కడ ఫలిస్తుంది.

తాళం సంగతి కూడా చెప్పాలి. రెండో పాట ‘నాస్ఫెరాటు మ్యాన్’ చరణాలు ఐదు లెక్కలో నడుస్తాయి. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఖండ చాపు కొత్త కాదు కనుక మనవాళ్ళకు ఇది కష్టంగా తోచదు. చేతితో తాళం వేసుకుంటూ వింటే, డ్రమ్స్ వాయించే అతను ప్రతి ఆవృత్తంలో ఎక్కడ ఒత్తుతున్నాడో, ఎక్కడ ఖాళీ వదులుతున్నాడో స్పష్టంగా తెలుస్తుంది. ఆ ఖాళీలు వినిపించాలంటే గిటార్లు వాటిలోకి పొర్లకూడదు. రికార్డింగ్ బాగుందని మనం అనేదానిలో సగం, మైకు పెట్టక ముందే వాయించేవాళ్ళు తమలో తాము చోటు పంచుకోవడంలో ఉంటుంది.

మిగతా సగం గదిది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే డ్రమ్స్‌కు మూడు మీటర్ల దూరంలో పెట్టిన మైకుకు శబ్దం దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. దగ్గరి మైకులో దెబ్బ వినిపిస్తే, దూరపు మైకులో ఆ దెబ్బకు గది ఇచ్చిన బదులు వినిపిస్తుంది. ఈ రెండింటినీ సరైన పాళ్ళలో కలిపితే, కళ్ళు మూసుకుని వినేవాడికి గది ఎంత పెద్దదో, డ్రమ్స్ ఎంత దూరంలో ఉన్నాయో తెలిసిపోతుంది. ఈ విద్యలో అందరికంటే పేరుపొందినవాడు షికాగోకు చెందిన స్టీవ్ ఆల్బినీ. స్లింట్ మొదటి ఆల్బమ్ ‘ట్వీజ్’ రికార్డు చేసింది ఆయనే. 1997లో ఎలక్ట్రికల్ ఆడియో అనే సొంత స్టూడియో తెరిచినప్పుడు గోడలకు కాల్చని మట్టి ఇటుకలు వాడించారు. గది పలికే తీరు మీద ఆయనకు అంత పట్టింపు. 2024 మేలో, 61 ఏళ్ళ వయసులో, గుండెపోటుతో పోయారు. మా వృత్తిలో ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ వార్త సొంత గురువు పోయినట్టే అనిపించింది. నాకూ అంతే.

ఆల్బినీ రాయల్టీ, అంటే అమ్మకంలో వాటా, తీసుకునేవారు కాదు. రికార్డు చేసినందుకు ఒకసారి కూలి తీసుకుని వదిలేసేవారు. ‘ఇన్ యూటరో’ ఆల్బమ్‌కు ముందు నిర్వాణా బృందానికి రాసిన ఉత్తరంలో, పైపులు బాగుచేసే పనివాడికి ఇచ్చినట్టు తనకూ పనికి తగ్గ డబ్బు ఇస్తే చాలన్నారు. ఇది ఉదారత మాత్రమే అనుకుంటే దాని అసలు ఫలితం మనకు కనిపించదు. అమ్మకంలో వాటా ఉన్న ఇంజినీరు అమ్ముడుపోయే ధ్వని వైపు మొగ్గుతాడు. వాటా లేనివాడికి ఎదురుగా వాయిస్తున్న బృందం ఎలా ఉందో అలా పట్టడం తప్ప వేరే లాభం లేదు.

డబ్బుకూ ధ్వనికీ సంబంధం ఇక్కడే ఉంది. 1993లో బాఫ్లర్ అనే పత్రికకు రాసిన వ్యాసంలో ఆల్బినీ ఒక లెక్క వేసి చూపించారు. ఒక కొత్త బృందానికి పెద్ద కంపెనీ రెండున్నర లక్షల డాలర్లు ముందుగా ఇస్తుంది. ఆల్బమ్ రెండున్నర లక్షల ప్రతులు అమ్ముడవుతుంది. మేనేజరు, వకీలు, నిర్మాత, స్టూడియో, వీడియో, యాత్రల ఖర్చు, అన్నీ పోగా కంపెనీకి 7,10,000 డాలర్లు మిగులుతాయి. నలుగురు సభ్యులకు తలా 4,031 డాలర్లు. పైగా బృందం కంపెనీకి ఇంకా బాకీ ఉంటుంది! అది ఉదాహరణ కోసం వేసిన లెక్కే, కానీ ఆ రోజుల ఒప్పందాలు నిజంగా అలాగే ఉండేవి. అప్పులో ఉన్న బృందం తన తర్వాతి రికార్డు మెల్లగా మొదలవాలని, గొంతు కింద ఉండాలని ఎలా పట్టుబడుతుంది? బాకీ తీరేదాకా రేడియోకు నచ్చే పాట కావాలని అడిగేవాళ్ళు స్టూడియో గదిలో కూర్చునే ఉంటారు.

టచ్ అండ్ గో పద్ధతి వేరు. ఖర్చులు పోగా మిగిలిన లాభం బృందానికి సగం, సంస్థకు సగం. చాలా ఒప్పందాలు మాట మీదే నడిచాయి. వాషింగ్టన్‌లో డిస్కార్డ్ అనే సంస్థ 1980 నుంచి ఇంకా గట్టి నియమాలతో నడుస్తోంది. ఆ సంస్థను స్థాపించిన ఇద్దరిలో ఒకరైన ఇయన్ మెకాయ్, తన బృందం ఫుగాజీ కచేరీలకు చాలా ఏళ్ళు టికెట్టు అయిదు డాలర్ల దగ్గరే ఉంచాడు. ఆ బృందం 2001లో తెచ్చిన ‘ది ఆర్గ్యుమెంట్’ వినండి. వాషింగ్టన్ పక్కనే ఉన్న ఆర్లింగ్టన్‌లో డాన్ జియెంటారా నడిపిన ఇన్నర్ ఇయర్ స్టూడియోలో రికార్డు చేశారు. ఆ స్టూడియో మొదలైంది ఆయన ఇంటి నేలమాళిగలోనే. రెండు గిటార్లు రెండు పక్కలా నిలబడి మాట్లాడుకుంటున్నట్టు ఉంటాయి. బేస్ గిటార్ తీగ కంపించడం మొదలైన క్షణం నుంచి ఆగేదాకా తెలుస్తుంది. ఏ పెద్ద కంపెనీ రికార్డు పక్కన పెట్టినా ఇది తీసిపోదు.

ఒక మాట కచ్చితంగా చెప్పాలి. స్వతంత్ర సంగీతం అంటే బొంగురుగా, మట్టికొట్టుకుపోయినట్టు రికార్డు చేయడమేనని, అదే నిజాయితీ అని వాదించేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. గిటార్ శృతి తప్పి ఉంటే అది శృతి తప్పడమే. డ్రమ్ తోలు వదులై ఢబఢబమంటే అది అశ్రద్ధే. స్లింట్ దగ్గర డబ్బు లేదు గానీ సాధన ఉంది, తమ శబ్దం ఎలా ఉండాలో తెలుసు, ఎదుట ఒక మంచి ఇంజినీరు ఉన్నాడు. ఈ మూడూ ఉన్నప్పుడు నాలుగు రోజులు చాలాయి.

వీలున్నప్పుడు నేను ఇక్కడి కుర్ర బృందాలకు రికార్డింగ్ చేసిపెడుతుంటాను. దాదాపు అందరూ మొదట అడిగేది ఒకటే, గిటార్ పెద్దగా, బలంగా వినిపించాలని. ఒక బృందం ఒకే గిటార్ వరసను ఆరుసార్లు వాయించి, ఆరూ ఒకదాని మీద ఒకటి పేర్చి తెచ్చింది. అన్నీ కలిసేసరికి ధ్వని మసకబారింది. వేలు తీగను తాకిన క్షణం ఎక్కడా తెలియడం లేదు. రెండు మాత్రం ఉంచి నాలుగు తీసేశాం. గిటార్ ఆంప్లిఫయర్ మీద ధ్వనిని కరుకుచేసే డిస్టార్షన్‌ను సగానికి తగ్గించి ఆ రెండూ మళ్ళీ వాయించమన్నాను. ఒకదాన్ని ఎడమకు, ఒకదాన్ని కుడికి పెట్టాను. పాట పెద్దదైంది. గిటార్ వాయించే అమ్మాయి తన వేళ్ళ పని తనకే మొదటిసారి వినిపించిందని చెప్పినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో! ఆ రోజు ఉదయమంతా డ్రమ్ తోళ్ళు మార్చి శృతి చేయడానికే సరిపోయింది. దానికి మించిన పెట్టుబడి లేదు. తోలు బాగా పలికితే మిక్సింగ్‌లో చేయడానికి పెద్దగా పని ఉండదు.

గట్టిదనం మీద ఉన్న మోజుకు ఇప్పుడు సాంకేతికంగా కూడా ఆధారం లేదు. 2008లో మెటాలికా బృందం ‘డెత్ మాగ్నెటిక్’ సీడీ వచ్చినప్పుడు, దాన్ని హెచ్చుతగ్గులు లేకుండా మితిమీరి నొక్కేశారని అభిమానులే గొడవ చేశారు. ఒక వీడియో గేమ్ కోసం ఇచ్చిన అవే పాటలు అంత నొక్కుడు లేకుండా ఉండటంతో తేడా అందరికీ తెలిసింది. ఇవాళ స్పాటిఫై లాంటి సేవలు పాటలన్నిటినీ సుమారు ఒకే స్థాయికి తెచ్చి వినిపిస్తున్నాయి. ఎంత గట్టిగా మాస్టరింగ్ చేసి పంపినా వాళ్ళు తగ్గించేస్తారు. మిగిలేది నలిగిపోయిన ధ్వని. నెమ్మదిగా మొదలై పైకి లేచే పాటకు ఈ పద్ధతి మేలే చేస్తుంది.

మన దేశంలో కూడా ఈ దారిన నడిచినవాళ్ళు ఉన్నారు. ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ బృందం 2010లో ‘16/330 ఖజూర్ రోడ్’ ఆల్బమ్‌ను కంపెనీ చేతికి ఇవ్వకుండా, నెలకు ఒక పాట చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా విడుదల చేసింది. కరోల్ బాగ్‌లో వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేసిన పాత ఇంటి చిరునామానే దాని పేరు. 2009 డిసెంబరులో మరణించిన అషీమ్ చక్రవర్తి గొంతు అందులో ఉంది. ఆ ఇల్లు, ఆ మనుషులు, వాళ్ళు కలిసి ఊపిరి తీసుకునే తీరు ఆ పాటల్లో వినిపిస్తాయి.

ఇక ఎలా వినాలో చెబుతాను. ఫోను స్పీకరు మీద వద్దు. ఖరీదైనవి అక్కర్లేదు గానీ చెవుల్ని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్ ఉండాలి. స్పైడర్‌ల్యాండ్ మొదలయ్యాక మెల్లగా ఉన్న చోట శబ్దం పెంచకండి. పెంచారంటే గట్టి భాగం వచ్చినప్పుడు మళ్ళీ తగ్గించాలి, పాల్సన్ అంత జాగ్రత్తగా కాపాడిన తేడాను మీరే చెరిపేసినట్టవుతుంది. వాళ్ళు కవరు మీద దీన్ని ఎల్పీ రికార్డు మీద వినాలని రాసుకున్నారు, అది దొరికితే మంచిదే. లేకపోతే 2014లో బాబ్ వెస్టన్ అనే ఇంజినీరు మళ్ళీ మాస్టరింగ్ చేసిన ప్రతి ఉంది, నేను తరచు వినేది అదే. మొదటి వినికిడిలో మాటలు పట్టించుకోవద్దు, డ్రమ్స్ ఎంత దూరంలో ఉన్నాయో గమనించండి. రెండోసారి గొంతు వెంట వెళ్ళండి. ఇంత నెమ్మది మీ ఒంటికి సరిపడదనిపిస్తే ‘ది ఆర్గ్యుమెంట్’తో మొదలుపెట్టండి. అందులో పాటలు త్వరగా అందుకుంటాయి, రెండు గిటార్ల సంభాషణ మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. అది నచ్చినవాళ్ళు నాకు తెలిసి చాలామంది కొన్నాళ్ళకు స్లింట్ దగ్గరికి వాళ్ళంతట వాళ్ళే వచ్చారు.